చెరువు నిండకముందే నేర్చుకోవాల్సిన గాలం

నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో గాలం వేయడం కొత్త విద్యేమీ కాదు. వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, కొక్కేనికి వానపాము ఉంటే చాలు, చెరువు కట్ట మీద మధ్యాహ్నం గడిచిపోతుంది. కొత్తగా వచ్చింది రీల్. బెంగళూరులో పనిచేసే పిల్లలు పండక్కి ఊరికొస్తూ రాడ్లూ రీళ్ళూ తెస్తున్నారు. వాటిలో స్పిన్నింగ్ రీల్ ఎవరి చేతికైనా తొందరగానే అలవాటవుతుంది. బెయిట్‌కాస్టింగ్ రీల్ అలా కాదు. మొదటి విసురుకే దారమంతా ఉండకట్టి కూర్చుంటుంది. రెండోసారీ అంతే. చాలామంది అక్కడితో దాన్ని అటక మీద పెట్టేస్తారు.

అది అలా ఎందుకు చేస్తుంది? అంత ఇబ్బంది పెట్టేదాన్ని అసలెందుకు కొనాలి? కొంటే ఏది కొనాలి? ఎలా నేర్చుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం. ముందే ఒక మాట: ఈ రీల్ నేర్చుకోవడానికి నీళ్ళు అక్కర్లేదు. నీళ్ళు తక్కువైన మన సీమకు ఈ సంగతి ఎంతో ఉపయోగం.

ఈ కరువు సీమలో చేపలవేట గురించి ఎందుకు?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సాధారణ వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ చాలావరకు ఆగస్టు నుంచి అక్టోబరు లోపలే. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిగా ఏర్పడింది కానీ మబ్బుల లెక్క మారలేదు. ఏటా చెరువు నిండుతుందన్న భరోసా ఇక్కడ ఎవరికీ లేదు. అందుకే మరువ పారిన రోజు ఊరంతా కట్ట మీదికి వస్తుంది. 2021 నవంబరు వానలకు చిత్రావతి పొంగి పారిన సంగతి ఈ తరం పిల్లలకు కూడా గుర్తే.

వాన ఒక్కటే కాదు, ఇప్పుడు కాలువ నీళ్ళు కూడా వస్తున్నాయి. హంద్రీ–నీవా పథకం కింద శ్రీశైలం జలాశయం వెనుక నీటిని కర్నూలు వైపు మాల్యాల దగ్గర ఎత్తిపోసి, మెట్టలు దాటించి అనంతపురం పీఠభూమికి తెస్తున్నారు. కదిరి దగ్గర చెర్లోపల్లి, బుక్కపట్నం వైపు మారాల జలాశయాలు ఆ నీటి కోసం కట్టినవే. విజయనగర కాలం నాటిదని చెప్పుకునే బుక్కపట్నం చెరువు సరేసరి. నీళ్ళు నిలిచినచోట చేప ఉంటుంది. పెంపకానికి వదిలిన బొచ్చె, శీలావతి, మృగాల ఒక రకం. ఎవరూ వదలకపోయినా తనంతట తాను బతికే కొర్రమీను ఇంకో రకం.

కొర్రమీను కరువు సీమకు తగిన చేప. మొప్పలతో పాటు గాలి పీల్చే ఏర్పాటు కూడా దానికుంది. అందుకే మధ్యమధ్యలో నీటి పైకి వచ్చి గుటక వేసి వెళుతుంది. చెరువు ఇంకిపోయి బురద మిగిలినా, ఒంటి తడి ఆరనంత కాలం ఆ బురదలోనే ప్రాణం నిలుపుకుంటుంది. తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. బెయిట్‌కాస్టింగ్ రీల్ అవసరం ముఖ్యంగా ఈ చేప దగ్గరే వస్తుంది. కారణం కాసేపట్లో చెబుతాను.

బెయిట్‌కాస్టింగ్ రీల్ అంటే ఏమిటి? మిగతావాటికీ దీనికీ తేడా ఏమిటి?

రీల్‌లో దారం చుట్టి ఉండే భాగాన్ని స్పూల్ అంటారు. స్పిన్నింగ్ రీల్‌లో విసిరేటప్పుడు స్పూల్ కదలదు. దారం దాని అంచు మీంచి చుట్లు చుట్లుగా జారిపోతుంది. ఎర ఆగితే దారమూ ఆగుతుంది. అందుకే అది సులువు.

బెయిట్‌కాస్టింగ్ రీల్‌లో స్పూల్ రాడ్‌కు అడ్డంగా ఉంటుంది. విసిరినప్పుడు ఎర దారాన్ని లాగుతుంది, దారం స్పూల్‌ను తిప్పుతుంది. స్పూల్ తిరిగితేనే దారం బయటికి వస్తుంది. రీల్ రాడ్ కింద వేలాడకుండా పైన కూర్చుంటుంది, అందువల్ల విసిరే చేతి బొటనవేలు సరిగ్గా స్పూల్ మీద ఆనుతుంది. ఈ రీల్ ఇచ్చే కష్టమూ సుఖమూ రెండూ ఈ అమరికలోంచి వచ్చినవే.

దారం ఎందుకు చిక్కుపడుతుంది?

ధర్మవరం మగ్గాల ఇళ్ళలో పట్టునూలు చుట్టడం చూసినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. తిరిగే చట్రం మీంచి దారం లాగుతూ లాగుతూ ఒక్కసారి చెయ్యి ఆపితే చట్రం ఆగదు. ఇంకో రెండు చుట్లు తిరుగుతుంది. ఆ రెండు చుట్ల దారానికి పోయే దారి ఉండదు. వదులై, ఒకదాని మీద ఒకటి పడి చిక్కవుతుంది.

రీల్‌లో జరిగేదీ ఇదే, కాకపోతే వేగం చాలా ఎక్కువ. ఒక చిన్న లెక్క చూడండి. ఎర సెకనుకు 20 మీటర్ల వేగంతో బయలుదేరిందనుకుందాం. స్పూల్ చుట్టుకొలత సుమారు 10 సెంటీమీటర్లు. అంటే స్పూల్ సెకనుకు 200 చుట్లు, నిమిషానికి 12,000 చుట్లు తిరగాలి. ఎరను గాలి అడ్డుకుంటుంది కాబట్టి దాని వేగం క్షణక్షణానికీ తగ్గుతుంది. స్పూల్‌ను అడ్డుకునేది ఏమీ లేకపోతే అది అందుకున్న వేగంతోనే తిరుగుతూ ఉంటుంది. ఎర అడిగినదానికన్నా స్పూల్ ఎక్కువ దారం వదులుతుంది. ఆ ఎక్కువే చిక్కు. వేటగాళ్ళు దీన్ని బ్యాక్‌లాష్ అంటారు.

ఇది జరిగే చోట్లు మూడు. మొదటిది విసురు మొదట్లో: చేతిని ఒక్క కుదుపుతో ఝాడిస్తే స్పూల్ ఎరకన్నా ముందు వేగం అందుకుంటుంది. రెండోది నడిగాలిలో: ఎర నెమ్మదించినప్పుడు. మూడోది చివర: ఎర నీటిని తాకి ఆగిపోయాక కూడా స్పూల్ తిరుగుతూ ఉన్నప్పుడు. కొత్తవాళ్ళ చిక్కుల్లో చాలావరకు ఈ మూడోదే.

రీల్‌లో బ్రేకులు ఉంటాయి కదా, అవి ఏం చేస్తాయి?

ఉంటాయి. ఏది ఏ పని చేస్తుందో తెలియకే చాలామంది ఉన్న మరలన్నీ బిగించేస్తారు.

హ్యాండిల్ పక్కన గుండ్రటి చిన్న మర ఉంటుంది. అది స్పూల్ టెన్షన్ మర. స్పూల్ ఇరుసును రెండు వైపుల నుంచి నొక్కిపట్టడం దాని పని. విసురు మొదలు నుంచి చివరి దాకా ఒకే తీరుగా అడ్డుపడుతుంది. దీన్ని అతిగా బిగిస్తే చిక్కు తగ్గవచ్చు కానీ ఎర దూరం పోదు, ఇరుసూ అరుగుతుంది.

రెండో వైపు పలకలో అసలు బ్రేక్ ఉంటుంది. అందులో రెండు రకాలు. సెంట్రిఫ్యూగల్ బ్రేక్‌లో చిన్న చిన్న ప్లాస్టిక్ దిమ్మెలు ఉంటాయి. స్పూల్ వేగంగా తిరిగినప్పుడు అవి బయటికి జరిగి చుట్టూ ఉన్న వలయానికి రాసుకుంటాయి. వేగం రెట్టింపైతే వాటి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకని విసురు మొదట్లో గట్టిగా పట్టి, వేగం తగ్గేకొద్దీ వదిలేస్తాయి. మాగ్నెటిక్ బ్రేక్‌లో రాపిడి లేదు. అల్యూమినియం స్పూల్ అయస్కాంతాల పక్కన తిరిగేటప్పుడు ఆ లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి, అవి పుట్టించిన బలం స్పూల్‌నే వెనక్కి లాగుతుంది. ఇది వేగానికి తగ్గట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బయట ఉన్న అంకెల చక్రం తిప్పి సరిచేసుకోవచ్చు కాబట్టి కొత్తవాళ్ళకు ఇదే అనుకూలం. ఖరీదైన కొన్ని రీళ్ళలో చిప్ సాయంతో పనిచేసే బ్రేకులు కూడా వచ్చాయి. ఎంత ఖరీదైన బ్రేకున్నా, చివర్లో ఎర నీటిని తాకే క్షణంలో స్పూల్‌ను ఆపాల్సింది వేలే.

హ్యాండిల్ వెనక నక్షత్రం ఆకారంలో ఉండే చక్రం విసురుకు సంబంధించింది కాదు. అది డ్రాగ్. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా ఎంత వదలాలో అది నిర్ణయిస్తుంది.

మరి ఇంత ఇబ్బంది పెట్టే రీల్ ఎందుకు?

కొర్రమీను వెడల్పాటి నడిచెరువులో తిరగదు. తుంగ, తామర, గుర్రపుడెక్క ఒత్తుగా పెరిగిన ఒడ్డువారలో పొంచి ఉంటుంది. ఆకుల మధ్య చేటంత ఖాళీ నీరు కనిపిస్తుంది, దాని అంచున ఉంటుంది చేప. లోపల బోలుగా ఉండే రబ్బరు కప్పను ఆ చేటంత జాగాలో, పెద్దగా చప్పుడు చేయకుండా దించాలి. ఒక గజం అటు పడితే ఆకుల్లో, ఇటు పడితే చేప కంటికి దూరంగా.

బెయిట్‌కాస్టింగ్ రీల్ బలం ఇక్కడ తెలుస్తుంది. ఎర గాల్లో ఉన్నంతసేపూ బొటనవేలు స్పూల్ మీదే ఉంటుంది కాబట్టి, కాస్త ఆనించి దాన్ని నెమ్మదింపజేయవచ్చు, అనుకున్నచోట నిలిపి మెల్లగా దించవచ్చు. చేప అందుకున్నాక ఇంకో పని ఉంది. అది వెంటనే తూడుల్లోకి దూరుతుంది. అప్పుడు దాన్నీ, దాంతో పాటు వచ్చే రెండు మూడు కిలోల ఆకునాచునూ కలిపి లాగాలి. దానికి లావుపాటి దారం, గట్టి పళ్ళచక్రాలు కావాలి. లావు దారాన్ని స్పిన్నింగ్ రీల్‌కన్నా ఇది బాగా మోస్తుంది, దారం మలుపులు తిరగకుండా తిన్నగా చుట్టుకుంటుంది.

ఇది ఎవరికి అక్కర్లేదు?

వానపాముతో, పిండి ముద్దతో చిన్న చేపలు పట్టేవాళ్ళకు అక్కర్లేదు. వాళ్ళకు వెదురు కర్రే హాయి. ఏడెనిమిది గ్రాములకన్నా తేలికైన ఎర వేసేవాళ్ళకూ మామూలు బెయిట్‌కాస్టింగ్ రీల్ పనికిరాదు, అంత తక్కువ బరువు స్పూల్‌ను సరిగా తిప్పలేదు. అలాంటివాళ్ళు స్పిన్నింగ్ రీల్ కొనుక్కోవడమే మేలు. పది గ్రాములు దాటిన ఎర, గుబురు జాగా, పెద్ద చేప ఉన్నప్పుడే దీనికి పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఈ రీల్ ఎక్కడి నుంచి వచ్చింది?

చేపలవేటను ఒక విద్యగా చూడడం మన నేలకు పాతదే. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున ఉన్న మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే భాగమే ఉంది. చేపల రకాలు, వాటికి వేసే మేతలు, గాలం వేసే తీరు అందులో వివరిస్తారు. దక్షిణాది చెరువుల్లో గాలం వేయడం మీదే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ 1887లో ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా అనే పుస్తకం ప్రచురించాడు. అంతకుముందు 1873లో ది రాడ్ ఇన్ ఇండియా రాశాడు.

రీల్ మాత్రం గడియారాలు చేసేవాళ్ళ చేతి నుంచి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు, హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూల్ చాలాసార్లు తిరిగే రీల్ చేశాడు. స్వీడన్‌లో 1921లో మొదలైన అబు కంపెనీ కూడా మొదట గడియారాలు, ట్యాక్సీ మీటర్లు చేసింది. తర్వాత ఆ పనితనమే రీళ్ళ తయారీకి పనికొచ్చింది. సన్నని పళ్ళచక్రాలను కచ్చితంగా కోయడం తెలిసినవాళ్ళకే ఇది సాధ్యమైంది. అందుకే ఇవాళ్టికీ మంచి రీల్‌కూ నాసి రీల్‌కూ తేడా ఆ కోతలోనే కనిపిస్తుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

అన్నిటికన్నా ముందు చెయ్యి. స్పిన్నింగ్ రీల్‌కు హ్యాండిల్ ఇటు నుంచి అటు మార్చుకోవచ్చు. దీనికి కుదరదు. కుడిచేతి రీల్, ఎడమచేతి రీల్ వేరువేరుగా వస్తాయి. కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో తిప్పదలిస్తే ఎడమ హ్యాండిల్‌ది అడగాలి. విసిరాక రాడ్‌ను చేయి మార్చుకుని కుడిచేత్తో తిప్పేవాళ్ళూ ఉన్నారు. ఏది మీకు సుఖమో ముందే తేల్చుకోండి.

తర్వాత ఆకారం. గుండ్రటివి, పల్చటివి అని రెండు రకాలు. గుండ్రటివి ఎక్కువ దారం పట్టే బరువైన రీళ్ళు. పల్చటివి అరచేతిలో ఇమిడిపోతాయి, వేలు స్పూల్‌కు తేలిగ్గా అందుతుంది. నేర్చుకునేవాళ్ళకు పల్చటిదే మంచిది.

మూడోది గేర్ రేషియో. 7:1 అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూల్ 7 సార్లు తిరుగుతుంది. స్పూల్ మీద దారం నిండుగా ఉండి వ్యాసం 34 మిల్లీమీటర్లు ఉంటే ఒక్క తిప్పుకు సుమారు 75 సెంటీమీటర్ల దారం లోపలికి వస్తుంది. రబ్బరు కప్పతో వేటాడేటప్పుడు వదులు దారాన్ని గబుక్కున లాక్కోవాలి కాబట్టి 7 దరిదాపుల్లో ఉన్నది బాగుంటుంది. అన్ని పనులకూ ఒక్కటే కావాలంటే 6 దాటినది చాలు. 5 దరిదాపుల్లోవి నెమ్మదిగా లాగే బరువు ఎరల కోసం.

బేరింగుల లెక్క చూసి మోసపోవద్దు. పెట్టె మీద 18 అని రాసి ఉన్న చవక రీల్‌కన్నా, నాలుగైదు మంచి బేరింగులున్న రీల్ హాయిగా తిరుగుతుంది. దుకాణంలో చేతికి తీసుకునే వీలుంటే ఇలా పరీక్షించండి. వేలితో నొక్కే మీట, అంటే థంబ్ బార్ నొక్కి, స్పూల్‌ను వేలితో తిప్పండి. గరగరమనకుండా, వణక్కుండా, తిన్నగా తిరగాలి. బ్రేక్ చక్రాన్ని పెంచి మళ్ళీ తిప్పండి. తేడా స్పష్టంగా కనబడాలి. హ్యాండిల్‌ను వెనక్కి తోస్తే కదలకూడదు. పక్క పలక తీసి పెట్టడం సులువుగా ఉండాలి. ఆన్‌లైన్‌లో కొంటే ఇవే పరీక్షలు ఇంటికి రాగానే చేసి, బాగోకపోతే వెంటనే తిప్పి పంపాలి. అన్నిటికన్నా చవకైనది కొని నేర్చుకుందామనుకోవద్దు. స్పూల్ సరిగా తిరగని రీల్‌తో తప్పు చేతిదో రీల్‌దో తెలియక విసుగు పుడుతుంది.

రాడ్ కూడా దీనికి సరిపోయేదే కావాలి. పట్టు కింద చూపుడువేలికి తుపాకీ మీట లాంటి కొక్కెం ఉండి, దారం పోయే వలయాలు పైవైపు ఉండేదే బెయిట్‌కాస్టింగ్ రాడ్. కొర్రమీనుకు ఆరున్నర, ఏడు అడుగుల పొడవు, మీడియం హెవీ బలం సరిపోతుంది. ఎంత బరువు ఎర వేయొచ్చో రాడ్ మీదే రాసి ఉంటుంది. ఆ హద్దులోనే ఉండాలి.

దారం సంగతి. నేర్చుకునేటప్పుడు 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం వాడండి. చవక, కంటికి కనిపిస్తుంది, చిక్కు తీయడం తేలిక. చెరువుకు వెళ్ళేటప్పుడు 40–50 పౌండ్ల అల్లిక దారం, అంటే బ్రెయిడ్ వేసుకోవాలి. అది ఆకుల కాడలను కోసుకుంటూ వస్తుంది. బ్రెయిడ్ నున్నటి స్పూల్ మీద జారుతుంది కాబట్టి అడుగున కొన్ని చుట్లు నైలాన్ చుట్టి దాని మీద వేయాలి. స్పూల్ అంచు దాకా నింపొద్దు. రెండు మూడు మిల్లీమీటర్లు వెలితి ఉంచితే చిక్కు తగ్గుతుంది. మన చెరువు ఒడ్డున 30–40 మీటర్లకన్నా దూరం విసరాల్సిన పని రాదు, కాబట్టి 100 మీటర్ల దారం చాలు.

ఎలా నేర్చుకోవాలి?

వేరుశనగ కాయ ఒలిచేసిన చేను, ఎండిన చెరువు గర్భం, స్కూలు మైదానం ఏదైనా సరే. ముళ్ళకంపలూ రాళ్ళూ లేని ఖాళీ నేల కావాలి. నీటి మీదికన్నా నేల మీద నేర్చుకోవడమే మేలు. ఎర ఎక్కడ పడిందో కచ్చితంగా కనిపిస్తుంది, ఏ ఆకులోనూ ఇరుక్కోదు, చేప పడలేదన్న ఆత్రం ఉండదు. మనసంతా వేలి మీదే ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కార్బన్ రాడ్ గుండా కరెంటు పారుతుంది. బోరు మోటార్లకు పోయే తీగల కింద, వాటి దరిదాపుల్లో రాడ్ ఎత్తవద్దు. వెనక పిల్లలు లేరని చూసుకున్నాకే విసరండి.

దారం చివర కొక్కెం కట్టొద్దు. పదిహేను గ్రాముల సీసం గుండు గానీ ఇనుప నట్టు గానీ కట్టండి. రాడ్ మొన నుంచి అది జానెడు కిందికి వేలాడాలి.

ఇప్పుడు టెన్షన్ మర. రాడ్‌ను అడ్డంగా పట్టుకుని, వేలు స్పూల్ మీద ఉంచి, మీట నొక్కి, వేలు మెల్లగా ఎత్తండి. గుండు దానంతటది నెమ్మదిగా దిగాలి. నేలను తాకగానే స్పూల్ ఒక చుట్టుకన్నా ఎక్కువ తిరగకూడదు. దబ్బున పడితే మర కాస్త బిగించండి, కదలకపోతే వదులు చేయండి. ఎర బరువు మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్ళీ చేయాలి. బ్రేక్ చక్రాన్ని మొదట చివరి అంకె దగ్గరే పెట్టండి.

రాడ్‌ను మీ వెనక్కి, భుజం పక్కగా తీసుకెళ్ళి, ఝాడించకుండా, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ ముందుకు తీసుకురండి. గుండు బరువుకు రాడ్ వంగాలి. ఆ వంగిన రాడ్ తిరిగి సాగుతూ గుండును విసురుతుంది, బలమంతా మీ భుజానిదే కానక్కర్లేదు. రాడ్ మొన మీ కంటికి కాస్త పైన, ముందువైపు చూపుతున్నప్పుడు వేలి పట్టు సడలించండి. ముందే వదిలితే గుండు ఆకాశంలోకి లేస్తుంది. ఆలస్యంగా వదిలితే కాళ్ళ ముందు నేలకు కొట్టుకుంటుంది. రెండూ జరుగుతాయి. జరిగే కొద్దీ వదలాల్సిన క్షణం చేతికి దొరుకుతుంది.

వేలిని స్పూల్ నుంచి దూరంగా తీసేయకండి. వెంట్రుకవాసి పైన ఉంచండి. దారం వదులైతే చుట్లు పైకి ఉబ్బి వేలి కొసకు తగులుతాయి. తగిలినప్పుడు కొంచెం ఆనించండి, అంతే. గుండు నేలను తాకడానికి రవ్వంత ముందు వేలితో స్పూల్‌ను పూర్తిగా ఆపేయండి. ఈ ఒక్క అలవాటు అబ్బితే చిక్కుల్లో సగానికి పైగా పోతాయి. తర్వాత హ్యాండిల్ తిప్పితే పళ్ళచక్రాలు మళ్ళీ పట్టుకుంటాయి.

మొదట పది పదిహేను మీటర్ల దూరమే చాలు. పాత టైరో, గిన్నెనో దూరంగా పెట్టి అందులో వేయడానికి ప్రయత్నించండి. దూరం కోసం ఆశపడొద్దు, గురి కోసం పాటుపడండి. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు చేస్తే చాలు. గంటల తరబడి చేస్తే వేలు మొద్దుబారి నేర్చుకోవడం మానేస్తుంది. చిక్కు పడకుండా వరసగా విసరగలిగినప్పుడు బ్రేక్ ఒక అంకె తగ్గించండి. మళ్ళీ కుదిరాక ఇంకొకటి. బ్రేక్ వదిలిన కొద్దీ ఆ పనిని వేలు అందుకుంటుంది.

ఇంకో ఉపాయం ఉంది. మీరు వేయగలిగినంత దూరం వేసి, ఇంకో ఐదారు మీటర్ల దారం లాగి, స్పూల్ మీద మిగిలిన దారం చుట్టూ ఒక చుట్టు టేపు అంటించి, బయటి దారాన్ని దాని మీద చుట్టుకోండి. ఎంత చిక్కు పడినా టేపు కింది దారం దాకా పోదు.

చిక్కు పడితే ఎలా తీయాలి?

లాగొద్దు. లాగితే ముడి బిగుస్తుంది. డ్రాగ్ బిగించి, బొటనవేలితో స్పూల్ మీద గట్టిగా నొక్కి, హ్యాండిల్‌ను రెండు మూడు తిప్పులు తిప్పండి. మడతలు పడిన చుట్లు చదునవుతాయి. మీట నొక్కి, దారాన్ని మెల్లగా బయటికి తీయండి. ఆగితే మళ్ళీ నొక్కి, తిప్పి, తీయండి. పెద్దపెద్ద చిక్కులు కూడా చాలావరకు ఈ పద్ధతిలో వీడతాయి. నైలాన్ దారం ఎక్కడైనా మడతపడి తెల్లబారితే అక్కడికి కోసేయాలి, చేప బరువుకు అక్కడే తెగుతుంది.

గాలి ఎక్కువైతే?

రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టారంటేనే మన గాలి సంగతి తెలుస్తుంది. ఆషాఢ, శ్రావణాల్లో పడమటి నుంచి వీచే గాలికి ఎదురుగా విసిరితే ఎర తొందరగా నెమ్మదిస్తుంది, స్పూల్ మాత్రం నెమ్మదించదు. చిక్కు తప్పదు. ఎదురుగాలిలో బ్రేక్ రెండు మూడు అంకెలు పెంచండి, రాడ్‌ను పక్కనుంచి తిప్పి ఎరను నేలకు దగ్గరగా పోనివ్వండి. వీలైతే గాలి వీపుకు తగిలే వైపు కట్టకు మారండి. గాలి ఎక్కువున్న రోజుల్లో సాధనకు సాయంత్రం బదులు, గాలి పడిపోయే పొద్దున పూట ఎంచుకోవడం మంచిది. ఎర్రదుమ్ము కూడా గాలితోనే వస్తుంది. రీల్‌ను నేల మీద పెట్టకండి. పని అయ్యాక గుడ్డ సంచిలో దాచండి. అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడిచి, బేరింగులకు ఒక్కో చుక్క నూనె, పళ్ళచక్రాలకు కొంచెం గ్రీజు వేస్తే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. బ్రేకు దిమ్మెల మీద మాత్రం నూనె పడనివ్వొద్దు.

చెరువు దగ్గర పాటించాల్సింది ఏమిటి?

మొదటిది అనుమతి. చెరువులో చేప ఎవరిదీ కానిది కాదు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానికో, పంచాయతీ వేలంలో పాడుకున్నవాళ్ళకో ఉంటుంది. వాళ్ళు డబ్బు పెట్టి పిల్లలు వదిలి, కాపలా కాసి పెంచుకుంటారు. ముందు వాళ్ళను కలిసి అడగండి. కొర్రమీను కోసమే వచ్చామని, బొచ్చె పడితే వదిలేస్తామని చెబితే సాధారణంగా కాదనరు. కాదంటే ఆ మాట గౌరవించాలి. సిమెంటు చేసిన కాలువ గట్ల మీద నిలబడి గాలం వేయడం మానండి. జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

రెండోది సమయం. వానాకాలంలో నీటి పైన ఎర్రటి చేపపిల్లల గుంపు బుడబుడమంటూ కదులుతుంటే దాని కిందే తల్లీ తండ్రీ కొర్రమీనులు కాపలా ఉంటాయి. పిల్లల మీదికి ఏదొచ్చినా తిన్నగా దూకుతాయి కాబట్టి అప్పుడు పట్టడం చాలా సులువు. కానీ ఆ జంటను తీసేస్తే ఆ పిల్లలన్నీ పెద్ద చేపల పాలవుతాయి. మళ్ళీ ఎప్పుడు నిండుతుందో తెలియని చెరువులో అది పెద్ద నష్టం. ఆ గుంపు కనిపిస్తే రాడ్ దించి ఇంకో జాగా చూసుకోవాలి.

మూడోది ఓపిక. కప్ప మీద కొర్రమీను నీళ్ళు చిమ్ముతూ ఎగబడినప్పుడు వెంటనే లాగితే నోట్లోంచి వచ్చేస్తుంది. ఎర నీటి కిందికి పోయి, దారం బరువు తెలిసే దాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు గట్టిగా కొట్టాలి. డ్రాగ్ బిగించి ఉంచి, ఆకుల్లోకి దూరకముందే తల పైకి లాగాలి. పళ్ళు పదునైనవి, కొక్కెం తీయడానికి కటింగ్ ప్లయర్ వాడాలి.

చివరగా

ఏ రీల్ కొన్నారన్నది ఈ విద్యలో చిన్న సంగతి. బ్రేకు, మర, గేర్ అన్నీ కలిసి చేయగలిగేది బొటనవేలి తప్పును కొంత కాయడమే. ఎరను చేటంత నీటిలో దించేది వేలు. ఆ వేలికి చదువు చెప్పడానికి డబ్బు అక్కర్లేదు, ప్రయాణం అక్కర్లేదు, వాన కోసం ఎదురు చూడక్కర్లేదు. చెరువు నిండిన తర్వాత రీల్ పెట్టె విప్పేవాళ్ళకు ఆ కొద్ది నెలల నీరు చిక్కులు తీసుకోవడానికే సరిపోతుంది. ఎండాకాలంలోనే చేలో నిలబడి విసరడం మొదలుపెట్టినవాళ్ళకు మరువ పారిన మర్నాటి నుంచే వేట సాగుతుంది. రీల్ అటక మీద ఉంటే ఇవాళే దించండి. కొక్కెం విప్పి, నట్టు కట్టి, పొద్దు వాలాక చేలోకి నడవండి.